రెండువందల పదిహేడో నెంబరు జత

వెనక చక్రాల మధ్య నుంచి పటపటమని చప్పుడు మొదలైనప్పుడు నీలావతి జీపులో పద్నాలుగు మంది ఆడవాళ్ళున్నారు. అందరూ పెనుకొండ వైపు చేన్లలో వేరుశనగ పీకే కూలికి పోతున్నవాళ్ళే. పొద్దు అప్పుడే పైకొస్తోంది. చప్పుడు చెవిన పడగానే నీలావతి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసింది. ఆ చప్పుడు ఆమెకు కొత్త కాదు. ఉగాదికి ముందు ఒకసారి, శ్రావణంలో ఇంకోసారి విన్నది. బండి ఇంకో పది గజాలు దొర్లి ఆగిపోయింది. ఇంజను తిరుగుతూనే ఉంది గానీ చక్రాలు కదల్లేదు.

"మళ్ళీనా?" అంది ముందు సీట్లో కూర్చున్న యల్లక్క. కూలి గుంపుకు ఆమే పెద్ద.

"మళ్ళీనే అక్కా. దిగండి."

ఆడవాళ్ళు అన్నం క్యారియర్లు పట్టుకొని ఒక్కొక్కరే దిగారు. ఎవరూ గొణగలేదు. అదే నీలావతికి ఎక్కువ కష్టంగా తోచింది. యల్లక్క కొంగు నడుముకు దోపుకుంటూ దగ్గరికొచ్చింది.

"ఈ వారం దగ్గర చేన్లే. నడిచో, ఆటో పట్టుకొనో పోతాం. వచ్చే సోమారం నుంచి తాడిమర్రి పక్క పని ఒప్పుకున్న్యా. అంత దూరం నడ్సలేం గదా. అప్పటికి నీ బండి రాకపోతే టెంపోవానికి మాటియ్యాల. మనసులో పెట్టుకోవద్దు పాపా."

"పెట్టుకోను అక్కా. సోమారానికి వస్తా."

అలా అనేసింది గానీ ఎలా వస్తుందో ఆమెకే తెలియదు.

ఆ జీపు ఆమె నాయన కొన్నది. ముప్పై ఏళ్ళ కిందట ఏదో సర్కారు ఆఫీసు పాత బండ్లు వేలం వేస్తే, గొర్రెల మందలో సగం అమ్మి తెచ్చుకున్నాడు. చెన్నేకొత్తపల్లి పక్కనున్న వాళ్ళ ఊరికి బస్సు లేదు. కాన్పుకైనా, సంతకైనా, పరీక్షకైనా ఆ జీపే దిక్కు. నాయన ఉన్నప్పుడే నీలావతి స్టీరింగు పట్టుకుంది. ఆయన పోయాక పదకొండేళ్ళుగా ఆమే తోలుతోంది. మొగుడు నాగరాజు సేద్యమూ గొర్రెలూ చూసుకుంటాడు. స్టీరింగు ముందు కూర్చుంటే అతనికి అరచేతుల్లో చెమట పడుతుంది.

దారిన పోయే ట్రాక్టరుకు తాడు కట్టించి, జీపును పెనుకొండలో లక్ష్మన్న షెడ్డుకు చేర్చేసరికి తొమ్మిదయింది. లక్ష్మన్నకు అరవై దాటాయి. మోకాళ్ళు వంగవు. స్టూలు మీద కూర్చొని పక్కవాళ్ళ చేత పనిచేయిస్తాడు. వెనక ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ మూత విప్పించి నూనె తట్టలోకి వంపించాడు. నూనెతో పాటు విరిగిన ఇనుప పళ్ళు గలగలా పడ్డాయి.

ఆయన ఒక పన్ను తీసి గుడ్డతో తుడిచి, విరిగిన చోట ఆకురాయితో ఒక గీత గీశాడు. ఆకురాయి సుళువుగా దిగింది.

"చూసినావా? బెల్లం మాదిరి దిగుతాంది. ఇది ఇనుమా? కొత్త డబ్బాలో పెట్టి, ప్లాస్టిక్కు చుట్టి అమ్మినారు. డూప్లికేటు మాలు. ఏడాదిలో రెండు జతలు పోయినాయి. ఇంగ కొత్తది ఎయ్యను. నువ్వు బతిమాలినా ఎయ్యను."

"మరి ఎట్ల మామా? అసలు మాలు రావడం లేదంటివి గదా."

"రాదు. ఈ బండి చెయ్యడమే నిలిపేసినారు. పాతది వెతుక్కో. గుజరీ అంగళ్ళలో ఉండే పాతదే గట్టిది. మీ నాయన కాలంలో చేసిన ఉక్కు అది. యాభై ఏండ్లు తిరిగినా ఇంకో యాభై తిరుగుతుంది. నేను రాలేను. నువ్వే పోవాల. ఏం చూడాల్నో చెప్తా, ఇను."

ఆయన చెప్పినదంతా నీలావతి విన్నది. ఇంజను తిప్పే షాఫ్టు నిలువునా వస్తుంది, చక్రాలు అడ్డంగా తిరగాలి. ఆ మలుపు తిప్పేవి రెండు పళ్ళ చక్రాలు. చిన్నది పినియన్. దానికి పిడికిలంత తల, జానెడు తోక, తల మీద ఎనిమిది పళ్ళు. పెద్దది క్రౌన్. అది అన్నం తినే పళ్ళెమంత ఉంటుంది, చుట్టూ నలభైమూడు పళ్ళు. ఆ రెండింటినీ చేసేచోటే ఒకదాంతో ఒకటి రుద్ది జత కలిపి, రెండింటి మీదా ఒకే నెంబరు చెక్కుతారు.

"నెంబరు కలవకుంటే బంగారమైనా తేవద్దు. మొగుడూ పెండ్లాలు సర్దుకుంటారేమో గానీ ఇవి సర్దుకోవు. నెల దినాల్లో ఒకదాన్నొకటి నమిలేస్తాయి. పండ్ల మీద నీలం కమురు ఉంటే, వేడికి కాలిందని లెక్క, వదిలెయ్. ఆకురాయి పెట్టి గీకు. జారిపోవాల. దిగినాదంటే వదిలెయ్." అని ఆ ఆకురాయినే ఆమె చేతిలో పెట్టాడు.

మరునాడు పొద్దున్నే నీలావతి హిందూపురంలో దిగింది.

గుజరీ అంగళ్ళున్న వీధిలో ఇరుపక్కలా ఇనుప గుట్టలే. లారీ తలుపులు, బస్సు సీట్లు, విప్పేసిన ఇంజన్లు వరసగా పేర్చి ఉన్నాయి. మొదటి అంగడతను ఆమె వెనక ఎవరైనా మొగవాళ్ళు వస్తున్నారేమోనని తొంగిచూశాడు.

"మీ ఇంటాయన్ని తోలకరామ్మా. ఇవి చీరలు గాదు, చూసి తీసుకోనీకి."

"ఆయనకి గొర్రెలు తెలుసు. బండి నాది. జీపుది క్రౌన్ పినియన్, ఎనిమిదికి నలభైమూడు, ఉండాదా?"

అతను ఇంకో మాట మాట్లాడకుండా లోపలికి పోయి, నల్లగా గ్రీజు పూసి నిగనిగలాడుతున్న జత ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. నీలావతి గుడ్డతో తుడిచింది. క్రౌన్ అంచున ఎనభై ఎనిమిది అని ఉంది. పినియన్ తల నున్నగా ఉంది.

"దీని మీద నెంబరేదప్పా?"

"వాడి వాడి అరిగిపోయింటాది."

"పండ్లు అరగలేదు గానీ నెంబరు అరిగినాదా?"

అతను నవ్వేసి జతను మళ్ళీ లోపల పెట్టేశాడు. రెండో అంగడిలో నెంబర్లు కలిశాయి గానీ పళ్ళ మీద నెమలి మెడ రంగు తేలి ఉంది. మూడో అంగడిలో ఆకురాయి దిగింది. నాలుగో అతను, పాత జీపులన్నీ కోసి కరిగించే లారీకి ఎక్కించేశామని చెప్పి, ఆమె ముఖం చూసి ఏమనుకున్నాడో, వీధి చివరకు చెయ్యి చూపించాడు.

"ఆ కొసన హనుమంతమ్మ ఉండాది. పాతది దొరికితే ఆడే దొరకాల. ఆమె నోటికి ఓర్చుకుంటే."

హనుమంతమ్మ అంగడి ముందు, ఏదో లారీలోంచి పీకిన డ్రైవరు సీటు మీద కూర్చొని ఉంది. అరవై అయిదేళ్ళుంటాయి. కళ్ళద్దాలకు ఒక పక్క కాడ లేదు, దారం కట్టి చెవికి చుట్టుకుంది.

"ఏం బేకమ్మా? ఏం కావాల?"

నీలావతి చెప్పింది.

"బండి ఎవురు తోలేది?"

"నేనే."

"ఎన్నేండ్ల నుంచి?"

"పదకొండు."

హనుమంతమ్మ మోకాళ్ళ మీద చేతులానించి లేచింది. లోపల గోడకు ఇనుప కడ్డీ ఒకటి అడ్డంగా కట్టి ఉంది. దానికి క్రౌన్లు, గాజులు తగిలించినట్టు వరసగా వేలాడుతున్నాయి. ఆమె ఒక్కొక్కటీ తడుముతూ పోయి ఒక దాని దగ్గర ఆగింది. దాన్ని తీగకు వేలాడదీసి చిన్న స్పానరుతో తట్టింది. సన్నటి గంట మోగినట్టు మోగి, ఆ మోత చాలాసేపు ఆగలేదు.

"ఇన్నావా? బీటలుంటే ఈ సద్దు రాదు. మొద్దుగా వస్తాది."

నీలావతి పళ్ళు లెక్కపెట్టింది. నలభైమూడు. ఎక్కడా కమురు లేదు. ఆకురాయి అద్దం మీద గోరు జారినట్టు జారింది. అంచున తుప్పు గీకితే రెండువందల పదిహేడు అని కనబడింది. ఒంట్లో బరువు దిగిపోయినట్టయింది ఆమెకు.

"దీని పినియన్ తియ్యక్కా."

"పినియన్ లేదు."

నీలావతికి కోపమొచ్చింది. "పినియన్ లేని క్రౌన్ నాకెందుకు చూపిస్తివక్కా? పొద్దున్నుంచి తిరుగుతాండా."

"అరవొద్దు. కూర్చో." హనుమంతమ్మ పాత టైరు ఒకటి ఆమె వైపు కాలితో తోసి, తనూ సీట్లో కూర్చుంది. "ఈ అంగడి మా ఆయనా, ఆయన తమ్ముడు ఈశ్వరప్పా కలిసి పెట్టినారు. ఇరవై ఏండ్లు బాగనే నడిచింది. ఆపైన పడలేదు. పెద్దమనుషులు వచ్చి కాటా పెట్టి పంచినారు. క్రౌన్లు మాకు, పినియన్లూ గేరుపెట్టెలూ ఆయనకు. బరువు సరిపోయింది. ఇనుమును ఇనుము మాదిరే చూసినారు, జత అనే మాట ఎవురికీ తోచలేదు. తోచిన అన్నదమ్ములిద్దరూ ఆ పొద్దు ఒకరి మొగం ఒకరు చూసుకోలేదు."

"ఆయన యాడుండాడు ఇప్పుడు?"

"ధర్మవరంలో. ఆడ అంగడి పెట్టుకున్న్యాడు. నేను మాట్లాడి తొమ్మిదేండ్లాయె. మా ఆయన పోయినప్పుడు పదోనాటికి వచ్చి, దుఃఖం గిక్కం లేకుండా, ఆ పెద్ద కాటా ఇంగ ఎవురికి వదినా అని అడిగినాడు. బైటికి నడువు అన్న్యా. నడిచిపోయినాడు."

నీలావతి గోడకు వేలాడే క్రౌన్ల వైపు చూసింది.

"మరి ఇవి కరిగించే లారీకి ఎయ్యకుండా ఎందుకు పెట్టుకుంటివక్కా?"

"ఇంగో సగం యాడో బతికుండాదని తెలిసి ఎట్ల కరిగిస్తాం?" అని హనుమంతమ్మ ఆ క్రౌన్‌ను గోనెసంచిలో వేసి మూతి కట్టింది. "ఎత్తుకొని పో. దుడ్లు ఇప్పుడొద్దు. జత దొరికితే ఇయ్యి. దొరక్కపోతే నా క్రౌన్ నాకు తెచ్చియ్యి. నేను పంపినానని మాత్రం ఆ మనిషికి చెప్పొద్దు."

హిందూపురం నుంచి ధర్మవరానికి నీలావతి మధ్యాహ్నం రైలెక్కింది. గోనెసంచి ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. పక్కన కూర్చున్నావిడ, కొబ్బరికాయలా అని అడిగింది. జీపు ముక్క అంటే నమ్మలేదు. చేత్తో తడిమి చూసి ఊరుకుంది.

ఈశ్వరప్ప అంగడి వెతకడం కష్టం కాలేదు గానీ, అది అంగడి అని గుర్తుపట్టడమే కష్టమైంది. ముందు భాగంలో పంక్చర్లు వేసే సామాను, వెనక రేకుల కింద కొద్దిగా ఇనుము. సన్నగా, పొడుగ్గా ఉన్న ముసలాయన ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తున్నాడు. నీలావతి సంచి విప్పి క్రౌన్ బయటికి తీసింది. ఆయన తడి చేతులు పంచెకు తుడుచుకొని, దాన్ని అందుకొని, అంచు మీద బొటనవేలితో రుద్దాడు. కంటితో చూడలేదు.

"రెండువందల పదిహేడు" అన్నాడు. "వదిన పంపిందా?"

"పంపినానని చెప్పొద్దనింది."

ఆయన ఆ మాటకు నవ్వలేదు. క్రౌన్‌ను కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీని పినియన్ నా దగ్గర ఏడేండ్లు ఉన్నింది పాపా. ఎవురడిగినా ఇయ్యలేదు. నాలుగేండ్ల కిందట అంగడి సగం ఖాళీ చెయ్యాల్సొచ్చింది. ఆ పొద్దు మగ్గం బరువు కోసరం ఒకాయన వచ్చినాడు. ఇచ్చేసినా. పద, చూపిస్తా."

ఆయన మోపెడ్ వెనక, క్రౌన్ ఒళ్ళో పెట్టుకొని నీలావతి పోయింది. రెండు సందులు తిరిగి, మగ్గాల చప్పుడు వినబడే వీధిలో ఒక ఇంటి ముందు ఆగారు. నేతగాని పేరు రాఘవేంద్ర. నలభై ఏళ్ళుంటాయి. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని నేస్తున్నాడు. పక్కన ఆయన భార్య రోజా జరీ కండెలు చుడుతోంది. మగ్గం మీద చిలకపచ్చ పట్టుచీర, పెద్ద అంచుతో. వెనక పక్క, పడుగు చుట్టిన దూలానికి తాడు చుట్టి, ఆ తాడు కొసకు తెల్లటి నూలుగుడ్డ చుట్టిన బరువేదో వేలాడదీశారు.

ఈశ్వరప్ప విషయం చెప్పాడు. రాఘవేంద్ర పోగు నడిపే నాడె ఆపి ఆమె వైపు చూశాడు. ఆయన కోపిష్టి మనిషి కాదు. అయినా తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడు ఇయ్యనీకి కాదమ్మా. ఆ బరువుకే పడుగు బిగువు నిలబడిండాది. చీర సగంలో ఉన్నప్పుడు బరువు మారిస్తే ముందర నేసిందానికీ, ఇంగ నేసేదానికీ తేడా తేలిపోతుంది. చీర మడత విప్పితే గీత గీసినట్టు కనపడుతుంది. షావుకారి ముందర నేను తలెత్తుకోలేను."

నీలావతి బతిమాలలేదు. సగం దారిలో జీపు ఆపి దాని ముక్క విప్పి ఇమ్మని ఎవరైనా అడిగితే తను ఇస్తుందా? ఆమె మగ్గం వైపు చూసింది.

"ఇంగ ఎంత ఉండాదన్నా?"

"కొంగు ఒగటే. ఎల్లుండి మధ్యాన్నానికి అయిపోతుంది. చీరకూ చీరకూ మధ్యన మారిస్తే ఏం కాదు. కానీ అంతే బరువు తేవాల. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు."

"తెస్తా. నెంబరొకటి చూసుకోనిస్తావా?"

రోజా లేచి, మగ్గం వెనక దీపం వేసి, నూలుగుడ్డను కొంచెం పక్కకు జరిపింది. నీలావతి నేల మీద కూర్చొని తల వంచి చూసింది. పినియన్ తలపై రెండు, ఒకటి స్పష్టంగా కనబడ్డాయి. మూడో అంకె మీదుగా తాడు ముడి పోయింది. తాడు కదిలించడానికి లేదు. అది ఏడు కావచ్చు, ఒకటి కావచ్చు.

"ఏడే పాపా" అన్నాడు ఈశ్వరప్ప. "నేనే గదా అమ్మింది."

"నీ దగ్గర ఎన్ని పినియన్లు ఉండె?"

"ఒక నలభై."

"ఈయనకిచ్చింది ఇదేనని గట్టిగా చెప్తావా?"

ఈశ్వరప్ప తాడు ముడి వైపు ఇంకోసారి చూశాడు. "గట్టిగా చెప్పలేను" అన్నాడు.

ఆ ఎల్లుండి అనేది గురువారం. అప్పటి దాకా నీలావతికి ఏ పనీ తోచలేదు. బుధవారం నాగరాజుతో పాటు గొర్రెల దొడ్డిలో ఎరువెత్తింది. అతను నాలుగు సార్లు అడిగాడు, ఆ మూడో అంకె ఒకటయితే ఏం చేస్తావని. ఐదోసారి అడిగితే ఆమె తట్ట కింద పెట్టి, "టెంపోవాడు బతుకుతాడు" అంది. సాయంత్రం యల్లక్క నీలావతి ఇంటి ముందు నుంచి పోతూ, ఏమైందని అడక్కుండానే నీళ్ళడిగి తాగి పోయింది.

గురువారం పొద్దున పెనుకొండలో లక్ష్మన్న షెడ్డు నుంచి తన విరిగిన పినియన్లు రెండూ సంచిలో వేసుకొని నీలావతి ధర్మవరం బస్సెక్కింది. పళ్ళు విరిగితేనేం, బరువుకు ఆ ఉక్కు చాలు.

రాఘవేంద్ర కొంగు ముగించి, తలకట్టు విప్పుకొని కూర్చొని ఉన్నాడు. ఈశ్వరప్ప అంతకు ముందే వచ్చి అరుగు మీద ఉన్నాడు. అంగడి మూసేసి వచ్చాడని రోజా చెప్పింది. రాఘవేంద్ర తాడు ముడి విప్పి, గుడ్డ చుట్టింది చుట్టినట్టే బరువును నేల మీద పెట్టాడు. నీలావతి గుడ్డ విప్పింది. దీపం అవసరం లేకపోయింది. పొద్దు తలుపులోంచి నేరుగా పడుతోంది.

రెండు, ఒకటి, ఏడు.

ఆమె మూడు సార్లు చదివింది. ఆకురాయి తీసి పన్ను మీద గీకింది. జారిపోయింది. ఎనిమిది పళ్ళూ కొత్తగా దిద్దినట్టున్నాయి. నాలుగేళ్ళు నూలుగుడ్డలో ఉండడం వల్ల తుప్పు కూడా పట్టలేదు. ఆమె తలెత్తేసరికి ఈశ్వరప్ప అరుగు దిగి, వీధి వైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

రాఘవేంద్ర పట్టు తూచే కాటా తెచ్చాడు. నీలావతి తెచ్చిన విరిగిన పినియన్ పక్కన పెట్టి చూస్తే పళ్ళు పోయిన మేరకు తగ్గింది. ఈశ్వరప్ప జేబులోంచి నట్లు తీసి ఒక్కొక్కటే తీగకు గుచ్చాడు. అయిదో నట్టుకు ముల్లు కదిలింది, ఆరోదానికి సమమైంది. రాఘవేంద్ర దాన్ని అదే గుడ్డలో చుట్టి, అదే తాడుకు కట్టి, పడుగు మీద వేలితో మీటి చూశాడు. ఇంకోసారి మీటాడు.

"సరిపోయింది" అన్నాడు. "దీనికేమీ ఇయ్యొద్దమ్మా. బరువుకు బరువు వచ్చింది."

ఈశ్వరప్ప కూడా ఏమీ తీసుకోలేదు. అమ్మేసినదానికి మళ్ళీ దుడ్లేమిటి అన్నాడు. ఆమె బస్సెక్కే దాకా వచ్చి, కిటికీ దగ్గర నిలబడి అడిగాడు.

"వదినకు కండ్లు బాగ కనపడతాండాయా?"

"అద్దానికి ఒక కాడ లేదు. దారం కట్టుకోనుండాది."

ఆయన తల ఊపాడు. ఏదైనా అవసరమైతే అని తన ఫోన్ నెంబరు ఆమె ఫోన్‌లో వేయించాడు.

శుక్రవారమంతా లక్ష్మన్న షెడ్డులోనే గడిచింది. క్రౌన్, పినియన్ బిగించి, పళ్ళకు నీలం రంగు పూసి తిప్పించాడు. ఒక పన్ను ఇంకో పన్నుకు ఎక్కడ తగులుతోందో ఆ రంగు మచ్చ చెబుతుంది. మొదటిసారి మచ్చ పన్ను అంచున పడింది. లక్ష్మన్న విప్పించి, కాగితమంత పలచటి రేకు ఒకటి లోపల పెట్టించాడు. రెండోసారి మరీ లోపలికి పోయింది. మళ్ళీ విప్పించాడు. ఆయనకు విసుగనేది లేదు. నాలుగోసారి మచ్చ పన్ను నడిమధ్యన కోడిగుడ్డు ఆకారంలో పడింది. ఆయన చాలాసేపు దాన్ని చూసి, స్టూలు వెనక్కి జరుపుకున్నాడు.

"ముయ్యండి. కొత్త నూనె పొయ్యండి. నీలావతీ, అయిదు వందల కిలోమీటర్లు మెల్లగా తోలు. ఆపైన నీ ఇష్టం."

సోమవారం ఇంకా వెలుగు రాకముందే యల్లక్క ఇంటి ముందు జీపు హారన్ మోగింది. యల్లక్క బయటికొచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనక చక్రాన్ని కాలితో తన్నింది. అదేం పరీక్షో ఆమెకే తెలియాలి. "టెంపోవానికి ఇంగా మాట ఇయ్యలేదులే" అని ముందు సీట్లో కూర్చుంది. ఎత్తు ఎక్కేటప్పుడు అందరూ మాటలు ఆపి చెవులు రిక్కించారు. ఇంజను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఎత్తు దాటాక ఎవరో నవ్వారు, ఆపైన అందరూ ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెట్టారు.

మూడు వారాల తర్వాత వాన పడి చేన్లలో పని ఆగింది. ఆ రోజు నీలావతి జీపు వేసుకొనే హిందూపురం పోయింది. హనుమంతమ్మ లేచొచ్చి, ఇంజను ఆపొద్దని సైగ చేసి, ఒకసారి ముందుకూ వెనక్కూ తోలమని, వంగి వెనక చక్రాల దగ్గర చెవి పెట్టింది.

"సద్దు లేదు" అంది నడుము నిలబెట్టుకుంటూ. ఇయ్యాల్సింది ఇస్తే లెక్క చూడకుండా కొంగున ముడేసుకుంది. ఆ తర్వాత ఇనుము సర్దుతున్నట్టు అటు తిరిగి, "ఆయన అంగడి ఎట్లుండాది?" అంది.

నీలావతి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పంక్చర్ల తొట్టి, రేకుల కింద మిగిలిన కొద్దిపాటి ఇనుము, ఏడేళ్ళు ఎవరికీ ఇవ్వకుండా పెట్టుకున్న పినియన్, కాటాలో వేసిన నట్లు, అద్దాల గురించి అడిగిన మాట. హనుమంతమ్మ కడ్డీ నుంచి క్రౌన్లు ఒక్కొక్కటే తీసి నేల మీద పరిచింది. మొత్తం పదమూడు.

"నాకు సరింగ కనపడదు. నెంబర్లు చదువు. ఆయన నెంబరు నీ దగ్గర ఉంటే ఫోన్ చెయ్యి. ఆడ ఏమేం మిగిలినాయో అడుగు. నువ్వే మాట్లాడు."

నీలావతి ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, బానెట్ మీద పెట్టింది. సంగతి చెప్పగానే అవతల ఇనుము జరుపుతున్న చప్పుడు వినబడింది.

"తొంభైనాలుగు" అని చదివింది నీలావతి.

"లేదు."

"నూటపదకొండు."

"ఉండు... ఉండాది. ఉండాది పాపా."

"మున్నూట రెండు."

"లేదు. అది అమ్మేసినా."

"నూట అరవై."

"అరవై లేదు. నూట అరవై అనేదే నేను చూడలేదే."

హనుమంతమ్మ వంగి ఆ క్రౌన్ అందుకొని, అంచును కొంగుతో గట్టిగా తుడిచి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. ఆపైన ఫోన్ వైపు తిరిగి, వీధిలో ఉన్నవాణ్ణి పిలిచినట్టు గట్టిగా అరిచింది.

"నూట అరవై కాదప్పా, నూట అరవైఎనిమిది! తుప్పుకు ఎనిమిది సున్నా మాదిరి కనపడతాంది!"

అవతల ఇనుము చప్పుడు ఆగిపోయింది. లైను పోయిందేమోనని నీలావతి ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"వదినా?" అన్నాడు ఈశ్వరప్ప.

"ముందర నెంబరు చూడు."

"నూట అరవైఎనిమిది ఉండాది వదినా. నా చేతిలోనే ఉండాది."

"ఉంటే పక్కన పెట్టు. ఎవురికీ ఇయ్యొద్దు" అని ఆమె ఆ క్రౌన్‌ను వేరే వరసలో పెట్టింది. "చదువమ్మా, నిలబడిపోయినావేం?"

పదమూడింటిలో నాలుగింటికి జత తేలింది. ధర్మవరం చేర్చడానికి ఆ నాలుగూ జీపులోకి ఎక్కించారు. హనుమంతమ్మ ఒక్కో క్రౌన్ మధ్యన మడిచిన గోనెపట్టా పెట్టి, పళ్ళు పళ్ళకు తగలకుండా తానే సర్దింది. వెనక తలుపు వేసి, గొళ్ళెం పడిందో లేదో రెండు సార్లు లాగి చూసి, గుంతల్లో మెల్లగా పొమ్మని చెప్పి, మళ్ళీ సీట్లో కూర్చుంది.